చిన్న ఫ్రిజ్ పెట్టుకోవడం, కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హాస్టల్ గదిలో, ఒంటిగది వాటాలో, షాపు కౌంటరు కింద, మందుల కోసం పెద్దవాళ్ళ పడకగదిలో పెట్టుకునే 45 నుంచి 100 లీటర్ల ఫ్రిజ్‌ల గురించి ఈ ప్రశ్నలు. పెద్ద ఫ్రిజ్ దగ్గర చేసే పొరపాట్లే దీని దగ్గరా చేస్తాం. పెద్దది ఓర్చుకుంటుంది, చిన్నది ఓర్చుకోదు. ఒక్క వేడి గిన్నె పెడితే లోపల ఉన్నవన్నీ వెచ్చబడిపోతాయి.

కింద ఏ జవాబు చదివినా ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. బావిలో నీళ్ళు తోడి పోసినట్టు ఫ్రిజ్ లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. పోయడానికి బయట చోటుండాలి, తోడుతూ ఉండగా లోపలికి కొత్త వేడి చేరకూడదు. చిన్న ఫ్రిజ్ ఫిర్యాదుల్లో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చేవే.

ఎన్ని లీటర్లది తీసుకోవాలి?

45–50 లీటర్లది ఒక మనిషికి. రెండు పాల ప్యాకెట్లు, పెరుగు గిన్నె, మూడు నీళ్ళ బాటిళ్ళు, రెండు కూర డబ్బాలు, కాస్త కొత్తిమీర, పచ్చిమిర్చి పడతాయి. దోసెల పిండి గిన్నె పెడితే ఇక నిండినట్టే. ఇద్దరుంటే 90–100 లీటర్లది చూడండి.

డబ్బా మీద రాసే లీటర్లలో ఐస్ బాక్స్, తలుపు అరలు కూడా కలిసే ఉంటాయి. పైగా కంప్రెసర్ (వేడిని తోడిపోసే మోటారు) కోసం లోపల వెనకవైపు అడుగున ఒక మెట్టు ఉంటుంది, దాంతో కింది అర లోతు సగమవుతుంది. కొనడానికి వెళ్ళేటప్పుడు మీరు రోజూ వాడే పిండి గిన్నె వెడల్పు, ఎత్తు కొలుచుకుని వెళ్ళండి. ఇంట్లో చోటుకు ఇబ్బంది లేకపోతే మాత్రం చిన్న ఫ్రిజ్ కంటే 180 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ నయం. చిన్నది చోటు లేనివాళ్ళ కోసం.

కంప్రెసర్ లేని, చప్పుడు చేయని మినీ ఫ్రిజ్‌లు చవకగా వస్తున్నాయి. తీసుకోవచ్చా?

ఆహారం కోసమైతే వద్దు. చవకగా వచ్చే 4 నుంచి 20 లీటర్ల పెట్టెల్లో చాలావాటిలో ఉండేది పెల్టియర్ బిళ్ళ, అంటే కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడి రెండోవైపు వేడెక్కే చిన్న పలక. అది గది వేడి కంటే సుమారు 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతే. జనవరిలో గది 25 డిగ్రీలుంటే లోపల 7 దాకా వస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది. మే నెలలో గది 40 డిగ్రీలుంటే లోపల 20 పైనే ఉంటుంది. ఆ వేడిలో పాలు విరుగుతాయి, దాచుకున్న ఇన్సులిన్ ఎక్కువ కాలం నిలవదు. కూల్‌డ్రింకు చల్లగా తాగడానికి, సౌందర్య సాధనాలు దాచుకోవడానికి సరే. పాలు, కూరలు, మందులు పెట్టాలంటే కంప్రెసర్ ఉన్నదే కొనండి.

స్టార్లు ఎక్కువుంటే చల్లదనం ఎక్కువా?

ఇక్కడ రెండు రకాల స్టార్లున్నాయి, జనం కలగాపులగం చేసేది ఇక్కడే. తలుపు మీద పెద్దగా అంటించే బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లేబుల్ స్టార్లు కరెంటు పొదుపుకు సంబంధించినవి. ఐస్ బాక్స్ మూత మీద చిన్నగా ముద్రించే స్టార్లు చల్లదనానివి. అక్కడ ఒక స్టారంటే మైనస్ 6 డిగ్రీలు, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18.

చిన్న ఫ్రిజ్‌లలో చాలావాటి ఐస్ బాక్స్‌కు ఒక స్టారో, రెండో ఉంటాయి, కొన్నిటికి అసలుండవు. ఐస్‌క్రీమ్ గట్టిగా నిలవాలంటే మైనస్ 18 కావాలి. కాబట్టి మీ ఐస్ బాక్స్‌లో ఐస్‌క్రీమ్ జావగా ఉంటే అది రిపేరు కాదు, దాని శక్తి అంతే. కొని తెచ్చిన ఫ్రోజెన్ బఠానీ, చికెన్ లాంటివి ఒక స్టార్ పెట్టెలో వారం, రెండు స్టార్ల పెట్టెలో నెల ఉంటాయని లెక్క.

మన ఎండలకు తట్టుకుంటుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

వెనకవైపు గానీ లోపలి గోడ మీద గానీ ఉండే రేటింగ్ స్టిక్కర్‌లో ‘క్లైమేట్ క్లాస్’ అని ఉంటుంది. అక్కడ ఇంగ్లిషు ‘ఎన్’ అక్షరం ఒక్కటే ఉంటే 32 డిగ్రీల గదికి, ‘ఎస్‌టి’ అయితే 38కి, ‘టి’ అయితే 43కి తయారుచేసినట్టు. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఎండలకే కాదు, హైదరాబాద్‌లో రేకుల గదికైనా ‘టి’ ఉన్నదే చూడండి. విదేశాల్లో ఉండే బంధువులు పంపినవాటిలో ‘ఎన్’ క్లాసువి కనిపిస్తాయి. 110 వోల్టుల దేశం నుంచి తెచ్చిందైతే అసలు మన ప్లగ్గులో పెట్టకండి.

తెచ్చిన వెంటనే స్విచ్ వేయవచ్చా?

నిలబెట్టి తెచ్చి ఉంటే 2 గంటలు ఆగండి. ఆటోలో, కారులో పడుకోబెట్టి తెచ్చి ఉంటే రాత్రంతా నిలబెట్టి ఉంచి మర్నాడు వేయండి. కంప్రెసర్ అడుగున ఆయిల్ ఉంటుంది. పెట్టె పడుకుంటే ఆ ఆయిల్ పైపుల్లోకి జారుతుంది. కిందికి దిగకముందే మోటారు తిరిగితే తడి లేక అరుగుతుంది. ఆయిల్ వెళ్ళి వెంట్రుకంత సన్నగా ఉండే కాపిలరీ గొట్టంలో కూర్చుంటే కూలింగే ఆగిపోతుంది.

ఆగే సమయంలో లోపలి టేపులు, థర్మోకోల్ ముక్కలు తీసేయండి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి మెత్తటి గుడ్డతో లోపలంతా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. కొత్త ప్లాస్టిక్ వాసన చాలావరకు దీనితోనే పోతుంది.

స్విచ్ వేశాక 4 నుంచి 6 గంటలు ఖాళీగా తిరగనివ్వండి. ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ పడుతుంది. మొదటిరోజు మోటారు ఆగకుండా తిరుగుతుంది, కంగారు వద్దు. సామాన్లు ఒక్కసారే నింపకుండా పూటకు కొన్ని పెట్టండి.

కొత్త ఫ్రిజ్‌కు పసుపు, కుంకుమ బొట్టు పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టుకోండి. దీపం, అగరొత్తులు మాత్రం దాని మీద పెట్టకండి, పైపలక ప్లాస్టిక్.

ఎక్కడ పెట్టాలి? అలమరలో ఇరికించవచ్చా?

మాన్యువల్‌లో చెప్పిన ఖాళీ వదలండి. మాన్యువల్ లేకపోతే వెనక 10 సెంటీమీటర్లు, రెండు పక్కలా 5 నుంచి 10, పైన 10 వదిలితే చాలు. తలుపున్న అలమరలో, బల్ల కింద మూడువైపులా మూసుకుపోయిన గూటిలో పెట్టకండి. తోడిపోసిన వేడి అక్కడే తిరుగుతూ ఉంటే మోటారు ఆగదు, వేడెక్కి ట్రిప్ అవుతుంది.

పొయ్యి పక్కన, మధ్యాహ్నం ఎండ పడే కిటికీ దగ్గర, బాల్కనీలో వద్దు. నేల సమంగా లేకపోతే ముందు కాళ్ళ మరలు తిప్పి ముందువైపు వెంట్రుకవాసి ఎత్తు చేయండి. తలుపు సగం తెరిచి వదిలితే దానంతటదే మూసుకోవాలి.

ఇక ఫ్రిజ్ మీద కప్పే ఆ పూల కవర్ల సంగతి. రెండు పక్కలా జేబులు వేలాడుతూ ఉంటాయి, అందులో చెంచాలు, బిల్లులు, రబ్బరు బ్యాండ్లు. చాలా ఫ్రిజ్‌లలో ఇప్పుడు వెనక నల్లటి జాలీ ఉండదు, వేడి వదిలే గొట్టాలు పక్కగోడల రేకు లోపలే ఉంటాయి. ఆ కవరు సరిగ్గా వేడి బయటికి వచ్చే చోటే దుప్పటి కప్పినట్టు. పైభాగం వరకే కప్పే గుడ్డ చాలు.

పక్కలు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. కాలిపోతుందా?

లేదు. ఆ వేడి లోపలి నుంచి తోడిందే. పక్కలు వేడిగా ఉన్నాయంటే ఫ్రిజ్ పని చేస్తోందని. మోటారు తిరుగుతున్నా పక్కలు ఎంతసేపటికీ చల్లగానే ఉంటే అప్పుడు అనుమానించాలి, గొట్టాల్లో తిరుగుతూ వేడిని మోసే గ్యాస్ లీకై ఉండవచ్చు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్టెబిలైజర్, ఇన్వర్టర్: ఏది కావాలి, ఏది వద్దు?

మూడు పిన్నుల ప్లగ్గు నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. ఫ్రిజ్ తిరిగేటప్పుడు తీసుకునేది సాధారణంగా 100 వాట్ల లోపే, కానీ మోటారు లేచే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ల కోసం కొన్న సన్నటి బోర్డులో పిన్ను వదులుగా ఉంటే అక్కడే నిప్పురవ్వలు లేచి ప్లాస్టిక్ కరుగుతుంది.

మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో పెట్టడం హాస్టళ్ళలో మామూలు. అదే పిన్ను ఎర్తింగ్. రేకు శరీరం తాకితే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదని. చెప్పులేసుకుని తెరుస్తూ సర్దుకుపోకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

స్టెబిలైజర్ అవసరమో కాదో మాన్యువల్‌లోని వోల్టేజీ పరిధి చెబుతుంది. సాయంత్రం పూట మీ వీధిలో వోల్టేజీ దానికంటే కిందికి పోతుంటే పెట్టుకోండి. కొనేటప్పుడు టైమ్ డిలే ఉన్నది అడగండి. కరెంటు పోయి వెంటనే వస్తే పైపుల్లో ఒత్తిడి ఇంకా దిగి ఉండదు, దానికి ఎదురుగా మోటారు లేవలేదు. 3 నుంచి 5 నిమిషాల విరామం కావాలి. టైమ్ డిలే లేకపోతే ఆ పని మీరే చేయాలి: కరెంటు పోగానే స్విచ్ ఆపి, వచ్చాక 5 నిమిషాలాగి వేయాలి.

ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్‌ది కావాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది.

నాబ్ ఏ అంకె మీద ఉంచాలి?

అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. మధ్య అంకె దగ్గర మొదలుపెట్టండి. గ్లాసు నీళ్ళలో ఫ్రిజ్ థర్మామీటరు వేసి మధ్య అరలో 8 గంటలు ఉంచి చూడండి. 2 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే ఇక ముట్టుకోకండి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, దాని అంకెలు 30 పైనే మొదలవుతాయి.

ఎండాకాలంలో చల్లబడటం లేదని నాబ్‌ను చివరి అంకెకు తిప్పేస్తారు. ఆ గది వేడిలో థర్మోస్టాట్ (చలి చాలనగానే మోటారును ఆపే స్విచ్) కోరినంత చలి ఎప్పటికీ రాదు, కాబట్టి మోటారు ఆగదు, ఆగదు కాబట్టి మంచు కరగడానికి వీలుండదు, పేరుకున్న మంచు వల్ల చల్లదనం ఇంకా తగ్గుతుంది. ఒక అంకె పెంచి ఒక రోజు ఆగి చూడండి. అంతకు ముందు గోడకు దూరం జరపడం, పక్కన కవరు తీయడం చేస్తే చాలాసార్లు నాబ్ దాకా పోనక్కర్లేదు.

ఐస్ బాక్స్ చుట్టూ గడ్డలు గడ్డలుగా మంచు కడుతోంది. ఎందుకు? ఎలా తీయాలి?

చిన్న ఫ్రిజ్‌లు దాదాపు అన్నీ డైరెక్ట్ కూల్, అంటే ఫ్యాన్ లేకుండా ఐస్ బాక్స్ చలితోనే చల్లబడేవి. మంచు కట్టడం వాటి స్వభావం, కానీ ఎంత తొందరగా కడుతుందన్నది మన చేతిలో ఉంది. మంచంటే గాలిలోని తేమే. తలుపు తెరిచినప్పుడల్లా వస్తుంది, మూతలేని పప్పుచారు గిన్నెలోంచి వస్తుంది, కడిగి తడిగానే పెట్టిన గోంగూర నుంచి వస్తుంది. వానాకాలంలో, కోస్తా ఊళ్ళలో ఇంకా ఎక్కువ. రెండు మూడు రోజుల్లోనే గడ్డ కడుతుంటే మాత్రం తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే అక్కడ సందున్నట్టు. నాలుగువైపులా ఇలా చూడాలి. సందున్నచోట మడతల్లో జిడ్డు తుడిచి, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాసేపు అదిమి పట్టి, రబ్బరును వేళ్ళతో బయటికి సాగదీస్తే చాలాసార్లు తిరిగి పట్టుకుంటుంది. చిరిగితే మార్చడమే.

మంచు 5 మిల్లీమీటర్లు దాటితే తీసేయండి. దాన్ని చల్లదనం అనుకుంటారు గానీ అది ఐస్ బాక్స్‌కు స్వెటర్ తొడిగినట్టు, చలిని కిందికి దిగనివ్వదు.

తీసే పద్ధతి ఇది. స్విచ్ ఆపి ప్లగ్గు పీకండి. సామాన్లు తీసి ఒక డబ్బాలో పెట్టి తడిగుడ్డ కప్పండి. ఐస్ బాక్స్ కింది ట్రే ఖాళీ చేసి మళ్ళీ అక్కడే పెట్టండి, నేల మీద పాతగుడ్డ పరవండి. ఐస్ బాక్స్‌లో పట్టే గిన్నెలో వేడినీళ్ళు (మరిగేవి కాదు) పోసి పెట్టి తలుపు మూయండి. 15 నిమిషాలకోసారి నీళ్ళు మార్చండి. తొందర లేకపోతే తలుపు తెరిచి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే చాలు, గంటా గంటన్నరలో గడ్డలు వాటంతటవే ఊడిపడతాయి. చివర్లో పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి, తడి వదిలేస్తే అదే మళ్ళీ మంచు.

కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ తాకించకండి. ఐస్ బాక్స్ గోడ పలచటి అల్యూమినియం, దాని మధ్యలోనే గ్యాస్ పారుతుంది. సూదిమొనంత చిల్లు పడినా గ్యాస్ పోతుంది, ఆ ఖర్చు ఫ్రిజ్ ధరలో పెద్ద వాటాయే. ఉప్పు చల్లితే అల్యూమినియం తినేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వద్దు: నీళ్ళ దగ్గర కరెంటు, పైగా వేడికి ప్లాస్టిక్ గోడ పగులుతుంది.

కొన్నిటికి నాబ్ మధ్యలో డిఫ్రాస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే మంచు కరిగేదాకా మోటారు ఆగి, తర్వాత తానే మొదలవుతుంది. పడుకునే ముందు నొక్కండి, కానీ ఆ రాత్రి పాలు లోపల లేకుండా చూసుకోండి.

లోపల నీళ్ళు నిలుస్తున్నాయి, నేల మీదకు కారుతున్నాయి.

లోపలైతే ముందు ఐస్ బాక్స్ కింది ట్రే పొంగిందేమో చూడండి. అది కాకపోతే వెనక గోడ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అందులో కరివేపాకు రెబ్బో, అన్నం మెతుకో ఇరుక్కుని ఉంటుంది. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కొట్టండి. ఇనుప తీగ దూర్చకండి.

ఆ రంధ్రంలోంచి వెళ్ళిన నీళ్ళు వెనక కంప్రెసర్ మీది ట్రేలో పడి, దాని వేడికి ఆవిరవుతాయి. వానాకాలంలో ఆరవు. డెంగీ తెచ్చే దోమ పెరిగేది సరిగ్గా ఇలాంటి మంచి నీళ్ళలోనే, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రైడే రోజున ఆరోగ్య సిబ్బంది కుండీలు, కూలర్లతో పాటు ఫ్రిజ్ వెనక చూడమనేది అందుకే. వారానికోసారి ట్రే తుడవండి. ట్రే బయటికి రాని మోడలైతే ప్లగ్గు పీకి గుడ్డతో నీళ్ళు పీల్చేయండి.

వానాకాలంలో తలుపు బయట చెమట పట్టడం వేరే విషయం. గాలిలో తేమ ఎక్కువైతే చల్లటి రేకు మీద అలా పడుతుంది. తుడిచేస్తే సరి.

వాసన పోవడం లేదు.

ఉల్లిపాయ, ఎండుచేప, మల్లెపూలు మూతలేకుండా పెడితే అన్నీ కలిసి పాలకే పడతాయి. అన్నీ తీసి వంటసోడా నీళ్ళతో తుడవండి. మర్చిపోయే చోట్లు మూడు: రబ్బరు మడతలు, నీళ్ళు పోయే రంధ్రం, ఐస్ బాక్స్ కింది ట్రే. తర్వాత చిన్న గిన్నెలో వంటసోడా గానీ కట్టెబొగ్గు ముక్కలు గానీ ఉంచి నెలకోసారి మార్చండి. నిమ్మచెక్క పెడితే వాసన మీద ఇంకో వాసన చేరుతుంది, అంతే. ఫినాయిలు, బ్లీచింగ్, యాసిడ్ లోపల వాడకండి.

ఏది ఎక్కడ పెట్టాలి?

డైరెక్ట్ కూల్‌లో లోపల ఫ్యాన్ ఉండదు. ఐస్ బాక్స్ దగ్గరి చల్లగాలి బరువెక్కి కిందికి జారుతుంది, వెచ్చనిది పైకి వస్తుంది. అరల మీద న్యూస్‌పేపర్లు, ప్లాస్టిక్ మ్యాట్లు అంచు నుంచి అంచు దాకా పరిస్తే ఆ దారి మూసేసినట్టే. పైఅర గడ్డకడుతూ కింది అర వెచ్చగా ఉందంటే మొట్టమొదట ఈ మ్యాట్లు తీయండి.

ఐస్ బాక్స్ కిందనే అతి చల్లన, అక్కడ పాలు, పెరుగు, చేపలు. పచ్చి మాంసం పెడితే మూత గట్టిగా ఉన్న డబ్బాలో, మిగతావాటి మీద కారని చోట. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చన, అక్కడ నీళ్ళు, సాసులు. ఆకుకూరలు, కరివేపాకు, కొత్తిమీర కడగకుండా పొడిగుడ్డలో చుట్టి అడుగున ఉంచండి. అరటిపండ్లు, ఉల్లి, బంగాళాదుంప, ఆవకాయ చోటు తినేవే తప్ప వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు.

దోసెల పిండి చలిలోనూ నెమ్మదిగా పొంగుతూనే ఉంటుంది. గిన్నెలో మూడింట రెండు వంతులే నింపండి, మూత బిగించకండి. సోడా, కూల్‌డ్రింకు గాజు సీసాలు ఐస్ బాక్స్‌లో పెడితే పగులుతాయి, నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి కదా.

అన్నం, కూర వేడిగా పెట్టకూడదు, అలాగని రాత్రంతా బయట వదలకూడదు. వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద పెడితే అరగంటలో చల్లారుతుంది. వండిన 2 గంటల్లోపు లోపలికి చేరాలి. వండిన అన్నంలో వేడికి చావని బాక్టీరియా బీజాలు కొన్ని మిగులుతాయి, బయట నిలవుంటే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు.

ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి?

వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకట్టినది కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పారేయాల్సిందే. చిన్న ఫ్రిజ్‌లో ఇదే ప్రమాదం: ఐస్ బాక్స్ కింద పెడితే రాత్రిపూట గడ్డకట్టవచ్చు, తలుపులో పెడితే వెచ్చబడుతుంది. మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా, అట్టపెట్టెతో సహా ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి పక్కన థర్మామీటర్ పెట్టండి. మందు కొత్తగా పెట్టేముందు ఒకటి రెండు రోజులు ఆ చోట వేడి ఎంత మారుతోందో చూసుకోండి. వాడుతున్న పెన్ను గది వేడిలో ఎన్నాళ్ళు ఉంచవచ్చో దాని కాగితంలో ఉంటుంది, సాధారణంగా 30 డిగ్రీల లోపు అని రాస్తారు. మన వేసవి గది దానికి లొంగదు, డాక్టరును అడగండి.

కరెంటు పోతే ఎంతసేపు ఉంటుంది?

పెద్ద ఫ్రిజ్‌కు తలుపు తీయకుండా 4 గంటలు అని చెబుతారు. చిన్నదానికి ఎండాకాలంలో ఆ లెక్క పట్టుకోకండి, 2 గంటలు దాటితే పాలు, మాంసం ముందు వాడేయండి. ఖాళీ చోట్లలో నీళ్ళ బాటిళ్ళు నింపి ఉంచితే చలి కొంత నిలుస్తుంది.

ఊరెళ్ళేటప్పుడు చిన్న కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఐస్ బాక్స్‌లో వదలండి. వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉందంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని. లోపలివి తినకండి.

నెలకు బిల్లు ఎంత పెరుగుతుంది? రాత్రి ఆపేస్తే మిగులుతుందా?

బీఈఈ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. అక్కడ 150 అని ఉంటే నెలకు 12 నుంచి 13 యూనిట్లు. మన వాడకంలో, ముఖ్యంగా ఎండాకాలంలో, కొంత పెరుగుతుంది. అసలు తేడా స్లాబు దగ్గర వస్తుంది. మీ వాడకం ఇప్పటికే స్లాబు అంచున ఉంటే ఆ పన్నెండు యూనిట్లూ పై ధరలో పడతాయి. రాత్రి ఆపడం మాత్రం అర్థంలేని పొదుపు. చల్లబడ్డాక మోటారు ఎలాగూ ఆగుతుంది, మీరు ఆపితే పొద్దున మళ్ళీ మొదటి నుంచి తోడాలి, ఈలోపు పాలు పోతాయి.

రకరకాల చప్పుళ్ళు వస్తున్నాయి.

బుడబుడమంటే గ్యాస్ పారుతోంది. టిక్కుమంటే థర్మోస్టాట్. టప్పుమంటే ప్లాస్టిక్ చలికి ముడుచుకుంటోంది. గణగణమంటే పైన పెట్టిన స్టీలు గ్లాసులు. మోటారు గుర్రుమని కొన్ని సెకన్లకు టిక్కుమని ఆగి, కాసేపటికి మళ్ళీ అదే చేస్తుంటే మాత్రం వెంటనే స్విచ్ ఆపండి. వోల్టేజీ తక్కువైనా కావాలి, రిలే (మోటారును లేపేది) గానీ ఓఎల్‌పీ (మోటారు వేడెక్కితే ఆపేది) గానీ పోయినా కావాలి. రెండూ చిన్న సామాన్లే. అలాగే వదిలేస్తే కంప్రెసర్ కాలుతుంది.

మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గింది, నింపాలి అంటున్నాడు.

గ్యాస్ వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు చూపించకుండా నింపితే నెలకో రెండు నెలలకో మళ్ళీ పిలుస్తారు. సరైన పనిలో లీకు మూయడం, డ్రయర్ (గొట్టంలో తేమను పీల్చే చిన్న ఫిల్టర్) మార్చడం, వ్యాక్యూమ్ పంపుతో గొట్టాలు ఖాళీ చేయడం, తూచి నింపడం అన్నీ ఉంటాయి. చిన్న ఫ్రిజ్‌లో పట్టేదే కొన్ని పదుల గ్రాములు, తక్కెడ లేకుండా అందాజుగా నింపితే కుదరదు.

స్టిక్కర్ మీద ఏ గ్యాస్ ఉందో చూడండి. ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ చుట్టమే, మండుతుంది. ఉన్నది కొద్దిగానే కాబట్టి రోజూ భయపడక్కర్లేదు. కానీ గొట్టాలు ఖాళీ చేయకుండా అతుకు వేయడానికి మంట పెట్టనివ్వకండి, కిటికీలు తీయించండి. దాంట్లో పాతరకం ఆర్-134ఎ నింపనివ్వకండి, ఆ కంప్రెసర్ దానికోసం చేసింది కాదు.

నెల రోజులు ఊరెళ్తున్నాం. ఇల్లు మారుతున్నాం.

ఖాళీ చేసి, ప్లగ్గు పీకి, మంచు కరిగించి, తుడిచి, తలుపు సందులో మడిచిన గుడ్డ పెట్టి తెరిచి ఉంచండి. మూసేస్తే బూజు పడుతుంది. తరలించేటప్పుడు అరలు తీసి, తలుపుకు టేపు వేసి, నిలబెట్టే పంపండి. వెనక ఎలుకలు వైర్లు కొరికాయేమో, కంప్రెసర్ దగ్గర బొద్దింకలు చేరాయేమో కొత్త ఇంట్లో స్విచ్ వేసేముందు టార్చితో చూడండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో కాళ్ళ దగ్గరి తుప్పు కూడా.

పాతదాన్ని ఏం చేయాలి?

రెండు రకాల ఖర్చులు దాన్ని పారేయమని చెబుతాయి: కంప్రెసర్ పోవడం, ఐస్ బాక్స్ లీకవడం. రిలే, థర్మోస్టాట్, రబ్బరు అయితే బాగుచేయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వండి, లేదా రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కు ఇవ్వండి. పాతసామాన్లవాడు వీధిలోనే రాగి గొట్టం కోస్తానంటే ఒప్పుకోకండి, గ్యాస్ అక్కడే బయటపడుతుంది. ఇచ్చేదాకా మెట్ల కింద పడేసి ఉంచాలంటే ముందు తలుపు ఊడదీయండి. దాగుడుమూతలు ఆడే పిల్లలకు లోపల దూరేంత చోటుంటుంది, మూసుకుంటే గాలి ఆడదు.